నల్లగొండలో టెట్, డీఎస్సీ వారాంతపు శిక్షణ: ఒక ప్రైవేటు బడి టీచరు సమీక్ష

నల్లగొండలోనే ఉండి టెట్‌కు (టీచరు అర్హత పరీక్ష), డీఎస్సీకి (ప్రభుత్వ టీచరు పోస్టుల భర్తీ పరీక్ష) చదువుకోవాలనుకునేవారు, ముఖ్యంగా వారమంతా ఏదో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి శని, ఆదివారాల్లో మాత్రమే కాస్త తీరిక చేసుకోగలిగేవారు, శిక్షణ కేంద్రంలో చేరడం అవసరమా, చేరితే పెట్టిన డబ్బుకు తగిన ఫలితం ఉంటుందా అని తోటి టీచర్ల దగ్గర తరచుగా వాకబు చేస్తుంటారు. క్లాక్ టవర్ సెంటర్‌కు నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఉన్న ఒక కేంద్రంలో స్కూల్ అసిస్టెంట్ (ఉన్నత పాఠశాల సబ్జెక్టు టీచరు) గణితం వారాంతపు బ్యాచ్‌లో చేరి కోర్సు పూర్తి చేశాను కనుక, ఆ అనుభవం మీద ఆధారపడి ఈ సమీక్ష రాస్తున్నాను. కేంద్రం పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే లోపాలు ఇలాంటి కేంద్రాలు చాలావాటిలో కనిపించేవే. పేరు కన్నా ఏమి చూసుకొని చేరాలన్నదే చదివేవారికి ఎక్కువ పనికివస్తుందని నా నమ్మకం.

ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయన్న ఒక్క లెక్కతోనే శిక్షణ కేంద్రాల మంచిచెడ్డలు తేల్చడం మన దగ్గర అలవాటైపోయింది. నేను దానితో పాటు ఇంకొక విషయం కూడా చూశాను. ఏ ఉద్యోగానికి దారి చూపిస్తామని డబ్బు తీసుకుంటున్నారో, ఆ ఉద్యోగం గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతున్నారా అన్నది నాకు ముఖ్యం. టీచరు పనిలో చేతికి వచ్చేదెంత, ఎదురుచూడవలసిన కాలమెంత, తరగతి గది బయట మీదపడే పనులేమిటి, తరగతి గదిలోపల దొరికేదేమిటి అన్నవన్నీ తెలిసి చదివే అభ్యర్థి వేరు, సర్కారు నౌకరీ అన్న మాట ఒక్కటే విని చేరే అభ్యర్థి వేరు. ఈ విషయంలో ఆ కేంద్రం ఒకచోట నన్ను నిరాశపరిచింది, మరోచోట నేను అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చింది.

ముందు డబ్బు సంగతి చెబుతాను. వారాంతపు కోర్సుకు ఫీజు 15,000 రూపాయలు. మెటీరియల్‌కు, టెస్ట్ సిరీస్‌కు విడిగా మరో 3,000 కట్టించుకున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌కో అశోక్‌నగర్‌కో వెళ్లి హాస్టల్లో ఉండి చదవడంతో పోలిస్తే ఇది తక్కువే. కానీ గణితం చెప్పినందుకు నా బడిలో నాకిచ్చే జీతం నెలకు 12,000 రూపాయలు, అదీ పది నెలలకే. వేసవిలో జీతం ఉండదు, పని మాత్రం ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో చుట్టుపక్కల ఊళ్లు తిరిగి కొత్త అడ్మిషన్లు తేవాలి, తేలేకపోతే జూన్‌లో జీతం పెంచమని అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు. ఫీజు బకాయి ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఫోన్లు చేయడం కూడా క్లాస్ టీచరు పనే. చేరేటప్పుడు తీసుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం దగ్గరే ఉంటాయి కాబట్టి నడుమ మానేసి వెళ్లడమూ సులభం కాదు. కోర్సుకు కట్టిన 18,000 అంటే నెలన్నర జీతం. ఈ లెక్క నాలాంటి వారికి బాగా అర్థమవుతుంది.

ప్రైవేటు బడి టీచరు బతుకు ఎంత బలహీనమైన ఆధారం మీద నిలబడిందో 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు అందరికీ తెలిసింది. ఎమ్మెస్సీ, బీఈడీ చదివినవారు కూరగాయలు అమ్మారు, ఆటోలు నడిపారు, ఉపాధి హామీ పనికి వెళ్లారు. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు బడుల టీచర్లకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రకటించినప్పుడు, ఆ బియ్యం కోసం రేషన్ దుకాణం ముందు నిలబడ్డ టీచర్లను వారి విద్యార్థుల తల్లిదండ్రులే చూశారు. సాయం అందినందుకు కృతజ్ఞత ఉంది. ఆ స్థితి మాత్రం మరిచిపోయేది కాదు. మా బ్యాచ్‌లో చేరినవారిలో చాలామందిని అక్కడిదాకా తెచ్చింది ఆ రోజుల భయమే.

ప్రభుత్వ ఉద్యోగమైతే 2020 వేతన సవరణ ప్రకారం ప్రాథమిక బడిలో చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరుకు (ఎస్జీటీ) మూల వేతనం 31,040 రూపాయల దగ్గర, స్కూల్ అసిస్టెంటుకు 42,300 రూపాయల దగ్గర మొదలవుతుంది. డీఏ, ఇంటి అద్దె భత్యం దాని మీద కలుస్తాయి. నా జీతంతో పోలిస్తే స్కూల్ అసిస్టెంటు మూల వేతనం ఒక్కటే మూడున్నర రెట్లు. అందులోనూ కోతలున్నాయి. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవారికి పాత పింఛను వర్తించదు; సీపీఎస్ అనే కాంట్రిబ్యూటరీ పింఛను పథకం కింద మూల వేతనం, డీఏ కలిపిన మొత్తంలో పది శాతం ప్రతి నెలా పోతుంది. డీఏలు సమయానికి రావు, వేతన సవరణ ఆలస్యమవుతుంది, దాచుకున్న సొమ్ము బిల్లులు పెండింగులో పడతాయి. ఇంజనీరింగ్ చదివి మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్న తన తోటివారి జీతాలతో పోల్చుకుంటే ప్రభుత్వ టీచరుకు కూడా తన జీతం తక్కువగానే కనిపిస్తుంది. అయినా మా దృష్టిలో అది నెలనెలా వచ్చే జీతం, వేసవిలోనూ ఆగని జీతం.

దాని కోసం ఎదురుచూడవలసిన కాలం గురించే కేంద్రం కార్యాలయంలో సరిగ్గా చెప్పలేదు. తెలంగాణ వచ్చాక మొదటి టీచరు పోస్టుల భర్తీకి నోటిఫికేషన్ 2017లో, టీఎస్‌పీఎస్సీ ద్వారా 8,792 పోస్టులతో వచ్చింది. ఆ తర్వాత 2023 సెప్టెంబరులో 5,089 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి దాన్ని రద్దు చేశారు; 2024 ఫిబ్రవరి 29న 11,062 పోస్టులతో మళ్లీ ఇచ్చారు. ఆ ఏడాది జూలై 18 నుంచి ఆగస్టు 5 వరకు పరీక్షలు, సెప్టెంబరు 30న ఫలితాలు, అక్టోబరు 9న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు చకచకా అయిపోయాయి. అంటే పరీక్ష వచ్చినప్పుడు నెలల్లో ముగుస్తుంది, వచ్చేదాకా మాత్రం ఏళ్లు పడుతుంది. చేరడానికి వెళ్లిన రోజు కౌంటర్ దగ్గరి యువకుడు, "నోటిఫికేషన్ దగ్గర్లనే ఉన్నది మేడం, ఇప్పుడు చేరకపోతే సీట్లుండవు" అన్నాడు. రెండు నోటిఫికేషన్ల మధ్య ఎంత కాలం గడిచిందో, జిల్లాలో మన సబ్జెక్టుకు వచ్చే కొద్దిపాటి పోస్టులు రిజర్వేషన్ల రోస్టరులో ఎలా విడిపోతాయో ఆ బల్ల దగ్గర ఎవరూ చెప్పరు. నెలన్నర జీతం కట్టేవారికి ఆ మాట మొదటే చెప్పడం న్యాయం. గోడ మీద అతికించిన ఎంపికైనవారి ఫొటోల్లో కొందరు ఇక్కడ టెస్టులు మాత్రమే రాసినవారని తర్వాత వారి నోటనే విన్నాను. ఆ తేడా కూడా ఫొటోల కింద రాసి ఉండవలసింది.

ఇక బోధన. గణితం విషయ పరిజ్ఞానం చెప్పిన ఇద్దరు సార్లు మంచి పట్టున్నవారు; పదో తరగతి వరకు ఉన్న పాఠాలను ఇంటర్ స్థాయికి కలుపుతూ చెప్పిన తీరు బాగుంది, దాని గురించి ఎక్కువ రాయవలసిన పని లేదు. టైమ్‌టేబుల్ మాత్రం సరిగ్గా లేదు. 2024 డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పరీక్షకు 160 ప్రశ్నలు, 80 మార్కులు. అందులో విషయ పరిజ్ఞానానికి 44, బోధన పద్ధతులకు 16, జనరల్ నాలెడ్జ్‌కు 10, విద్యా దృక్పథాలకు 10. మిగిలిన 20 మార్కులు టెట్‌లో వచ్చిన మార్కులకు ఇచ్చే వెయిటేజీ. ఇలా ఉండగా జనరల్ నాలెడ్జ్‌కు ఇచ్చినన్ని గంటలు కూడా బోధన పద్ధతులకు ఇవ్వలేదు. కేంద్రం నడిపే సార్ స్వయంగా చెప్పే సబ్జెక్టు జనరల్ నాలెడ్జ్ కావడమే దీనికి కారణమని బ్యాచ్‌లో అందరికీ తెలుసు. మార్కుల నిష్పత్తి చూసి గంటలు పంచితే అభ్యర్థులకు మేలు.

గంటలు తక్కువైనా, ఈ కేంద్రానికి పెట్టిన డబ్బు దండగ కాలేదని నేను చెప్పడానికి కారణం ఆ బోధన పద్ధతుల తరగతే. చెప్పినవారు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. మొదటి రోజే బోర్డు మీద ఒక తీసివేత రాశారు: 503లో నుంచి 278 తీసేస్తే 375 అని ఆరో తరగతి పిల్లవాడు రాశాడు, వాడి తప్పేమిటి అని అడిగారు. సరైన జవాబు 225 అని, వాడికి అప్పు తెచ్చుకోవడం రాదని మేమంతా ఒక్క గొంతుతో చెప్పాం. ఆయన తలూపి, "వానికి రానిది చెప్పిన్రు, బాగనే ఉన్నది. వానికి వచ్చింది ఏందో చెప్పున్రి బిడ్డా" అన్నారు. కొంతసేపు ఎవరికీ తట్టలేదు. ఐదులో నుంచి రెండు తీస్తే మూడు. సున్నా, ఏడు ఉన్నచోట ఏడులో నుంచి సున్నా తీశాడు కాబట్టి ఏడు. మూడు, ఎనిమిది ఉన్నచోట ఎనిమిదిలో నుంచి మూడు తీశాడు కాబట్టి ఐదు. ప్రతి స్థానంలో పెద్ద అంకెలో నుంచి చిన్న అంకె తీసేయాలన్న ఒక నియమాన్ని పిల్లవాడు తనంతట తాను తయారు చేసుకున్నాడు, ఆ నియమాన్ని ఎక్కడా తప్పలేదు. వాడు లెక్క చేయడం మాని ఏదో ఒకటి రాసినవాడు కాదు. ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి పక్కన 225 వేస్తే, రేపు 604లో నుంచి 358 తీయమన్నా వాడు అదే నియమంతో 354 వేస్తాడు.

మరుసటి సోమవారం మా బడిలో ఆరో తరగతి నోటు పుస్తకాలు ముందేసుకొని చూస్తే సరిగ్గా అదే నియమం పాటించే పిల్లలు కనిపించారు. వారిలో ఒకడి తండ్రికి కిరాణా దుకాణం ఉంది. వాడికి ఒక ఐదు వందల నోటు, మూడు రూపాయి బిళ్లలు ఇచ్చి, నాకు 278 రూపాయలు లెక్కపెట్టి ఇవ్వమన్నాను. వాడు నోటును అటూ ఇటూ తిప్పి, "చిల్లర కావాలె టీచర్" అన్నాడు. వందలు ఇచ్చాను, ఒక వందను పదులుగా, ఒక పదిని రూపాయలుగా వాడే మార్పించుకున్నాడు. తన దగ్గర మిగిలినవి లెక్కపెట్టుకొని 225 అని చెప్పి, నోటు పుస్తకంలో తాను వేసిన 375 వైపు చూసి, నేనేమీ అనకముందే దాన్ని తానే కొట్టేశాడు. ఆ పిల్లవాడి ముఖంలో ఆ క్షణాన కనిపించింది చూడడానికే నేను ఈ పనిలో ఉన్నాను. ఇన్నేళ్ల నా పనిలో నన్ను నిలబెట్టినవి ఇలాంటివే. శిక్షణ కేంద్రం అంటే బిట్లు బట్టీ కొట్టించే చోటు అనుకొని చేరిన నాకు, అక్కడ చెప్పిన ఒక పాఠం మరునాడే నా తరగతిలో పనికి రావడం గొప్ప విషయం. మనోవిజ్ఞానవేత్తలు పియాజే, వైగాట్‌స్కీల పేర్లు, వారి సిద్ధాంతాలు అందరూ చెబుతారు. పిల్లవాడి తప్పులో వాడి ఆలోచనను చదవడం ఎలాగో చెప్పేవారు అరుదు.

ఆ సార్ ఇంకొక మాట కూడా గట్టిగా చెప్పేవారు. టీచరు పనిలో తృప్తి ఉంది కాబట్టి జీతం తక్కువైనా ఫరవాలేదని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దని ఆయన ఉద్దేశం. ఈ మాట విన్నప్పుడు నాకు మా బడి యాజమాన్యం గుర్తుకొచ్చింది; జీతం పెంచమని అడిగిన ప్రతిసారీ వారు చెప్పే మొదటి మాట సేవ. చదువు చెప్పడంలో తృప్తి నిజమైనదే; ఆ నిజాన్ని అడ్డుపెట్టుకొని పన్నెండు వేలకు ఒక మనిషి చేత ఏడు పీరియడ్లు, బస్సు డ్యూటీ, స్టడీ అవర్ చేయించుకోవడం అన్యాయం. టీచరు ఇల్లు గడవని చింతతో తరగతికి వస్తే 375 వెనక ఉన్న పిల్లవాడి ఆలోచనను చదివే ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? నోటు పుస్తకాల కట్ట ముందుంటే తప్పు కొట్టేసి ముందుకు పోవడమే జరుగుతుంది. తక్కువ జీతం వల్ల చివరికి నష్టపోయేది పిల్లలే అన్నది నా బడిలో ఏటా చూస్తున్నాను. ఏడాది మధ్యలో టీచరు మారిన తరగతుల్లో లెక్కల పునాది ఎలా చెదురుతుందో నోటు పుస్తకాలే చెబుతాయి.

కేంద్రం చేసిన మరో మంచి పని, 2024లో ఎంపికైన కొత్త టీచర్లను కొన్ని ఆదివారాలు పిలిచి మాట్లాడించడం. దీనికి విడిగా డబ్బు తీసుకోలేదు. చందంపేట మండలంలోని ఒక తండా బడిలో ఎస్జీటీగా చేరిన అమ్మాయి చెప్పిన సంగతులు అందరం నోట్సు రాసుకున్నాం. ఇంట్లో లంబాడీ భాష తప్ప వినని పిల్లలు ఒకటో తరగతిలో తెలుగు అక్షరాల ముందు కూర్చున్నప్పుడు, పిల్లల భాషలో పది మాటలు ముందు తాను నేర్చుకున్నాకే వారు తన దగ్గరికి రావడం మొదలైందని ఆమె చెప్పింది. ఐదు తరగతులకూ తానొక్కతే. మధ్యాహ్న భోజనం లెక్కలు, హాజరు, యూడైస్ (బడుల సమాచార పట్టిక) వివరాలు, తొలిమెట్టు (చదవడం, రాయడం, లెక్కల పునాది కార్యక్రమం) మార్కులు అన్నీ ఫోనులోనే ఎక్కించాలి. సిగ్నల్ కోసం గుట్ట మీది రోడ్డు దాకా నడవాలి. చేరిన మరుసటి నెలలోనే, 2024 నవంబరులో, ఇంటింటి సర్వే పని వచ్చింది; ఎన్నికలు వస్తే ఆ విధులూ ఉంటాయి. ఇవన్నీ చెప్పి, "మూడో తరగతి పిల్ల నిన్న సంతలో బోర్డు చదివి వాళ్ల అమ్మకు చెప్పిందట, ఆ మాట వాళ్లమ్మ వచ్చి నాకు చెప్పింది" అని నవ్వింది. తన జీతం ఎంతో ఎవరో అడిగితే దాపరికం లేకుండా చేతికి వచ్చే మొత్తం, కోతలు రెండూ బోర్డు మీద రాసి చూపించింది.

నారాయణపేట జిల్లాలో స్కూల్ అసిస్టెంటుగా చేరిన ఇంకొకరు వలసల గురించి చెప్పారు. ఆ ప్రాంతం నుంచి పుణె, ముంబై వైపు నిర్మాణం పనులకు వెళ్లే కుటుంబాలు ఎక్కువ. పంట పనులు అయిపోగానే తల్లిదండ్రులు బయలుదేరితే, పిల్లలను నాయనమ్మ దగ్గర దిగబెట్టడమో వెంట తీసుకుపోవడమో జరుగుతుంది. వెంట పోయిన పిల్లవాడు తిరిగి వచ్చేసరికి సగం పాఠాలు అయిపోయి ఉంటాయి. పదో తరగతి ఫలితాల శాతం తక్కువైతే సంజాయిషీ అడిగేది మాత్రం సబ్జెక్టు టీచరునే. అలాంటి పిల్లల పేర్లు రాసుకొని, వెళ్లేముందే ఇళ్లకు పోయి పిల్లను సీజనల్ హాస్టల్లో ఉంచమని తల్లిదండ్రులను బతిమాలడం తన పనిలో భాగమైపోయిందని ఆయన అన్నారు. ఆ రోజు విన్న తర్వాత మా బ్యాచ్‌లో ఒకరిద్దరు రావడం మానేశారు. ఆ పని తమవల్ల కాదని ముందే తెలుసుకోవడం వారికీ, వారు చేరబోయే బడి పిల్లలకూ మంచిదే. దీన్ని కేంద్రానికి నష్టమని నేను అనుకోను. కోర్సు చివరలో పెట్టిన ఈ సమావేశాలను మొదటి నెలలోనే, ఫీజు మొదటి విడత కట్టిన వెంటనే పెడితే ఇంకా బాగుంటుంది.

మెటీరియల్ విషయంలో జాగ్రత్తగా ఉండాలి. గణితం పుస్తకాలు బాగున్నాయి. విద్యా దృక్పథాల పుస్తకం మాత్రం పాత ముద్రణనే మళ్లీ మళ్లీ జిరాక్సు తీసినట్టుంది. బీఈడీ చేసినవారు సెకండరీ గ్రేడ్ టీచరు పోస్టుకు అర్హులు కారని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన తర్వాత కూడా, షరతులతో అర్హులేనన్న పాత వాక్యం అందులో ఉంది. టెట్ ధ్రువపత్రం 2021 నుంచి జీవితాంతం చెల్లుతుంటే, ఏడేళ్లే చెల్లుతుందని ఇంకొక పేజీలో ఉంది. టీచరు కాబోయేవారికి ఇచ్చే పుస్తకంలో వారి అర్హతల గురించే తప్పుండడం చిన్న విషయం కాదు. చెబితే సార్లు ఒప్పుకొని తరగతిలో సరిదిద్దారు, కొత్త బ్యాచ్ పుస్తకాల్లో మాత్రం ఆ వాక్యాలు అలాగే ఉన్నాయి. ఎస్సీఈఆర్టీ పాఠ్యపుస్తకాలు మూడో తరగతి నుంచి పది దాకా దగ్గర పెట్టుకొని, బోధన పద్ధతులకు తెలుగు అకాడమీ పుస్తకాలు కొనుక్కుంటే ఈ 3,000 రూపాయల మెటీరియల్‌లో సగం అవసరం పడదు. టెస్టుల్లోనూ ఇలాంటి లోపమే ఉంది. డీఎస్సీ 2024లో కంప్యూటర్ మీద జరిగితే, ఇక్కడ పరీక్షలు ఎక్కువగా ఓఎంఆర్ కాగితం మీదే పెట్టారు. గణితంలో తెర మీద ప్రశ్న చూస్తూ కాగితం మీద లెక్క చేయడం వేరే అలవాటు, దానికి సాధన కావాలి. తప్పు జవాబుకు మార్కులు తగ్గించే పద్ధతి అసలు పరీక్షలో లేకపోయినా ఇక్కడ కొన్ని టెస్టుల్లో తగ్గించారు. అది ఎందుకో అర్థం కాలేదు.

సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న ఇచ్చిన మరో తీర్పు తర్వాత మా తరగతి గది రూపమే మారింది. సర్వీసులో ఉన్న టీచర్లలో రిటైర్మెంటుకు ఐదేళ్లకు మించి ఉన్నవారు రెండేళ్లలోగా టెట్ పాసు కావాలని, అంతకన్నా తక్కువ సర్వీసు మిగిలినవారు ఉద్యోగంలో కొనసాగవచ్చు గానీ ప్రమోషన్ కావాలంటే టెట్ తప్పదని ఆ తీర్పు సారాంశం. దాంతో ఇరవై ఏళ్లకు పైగా చదువు చెప్పినవారు మా పక్కన బెంచీల మీదకు వచ్చి కూర్చున్నారు. వారి ఆందోళన చూస్తే మనసుకు కష్టంగా ఉండేది. జీవశాస్త్రం చెప్పే ఒక మేడం, పేపర్ రెండులో తన విభాగానికి 60 మార్కుల గణితం, సైన్సు కలిపి రాయాలి కాబట్టి, పదో తరగతి తర్వాత వదిలేసిన లెక్కలను మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటూ కనిపించారు. పగలు బడి, సాయంత్రం ఆన్‌లైన్ ఎంట్రీలు, ఆదివారం ఇక్కడ. కేంద్రం వారికి విడిగా బ్యాచ్ పెట్టకుండా మాతో కలిపి కూర్చోబెట్టడం రద్దీ పెంచింది, ఆ మాట నిజం. దానివల్ల నాకు జరిగిన మేలూ ఉంది. టీ విరామంలో వారి దగ్గర విన్న తరగతి గది అనుభవాలు ఏ మెటీరియల్‌లోనూ దొరకవు. టీచర్లను కొత్త జిల్లాలకు కేటాయించిన 317 జీవో తర్వాత సొంత జిల్లా వదిలి పోవలసి వచ్చినవారి బాధ, భార్య ఒక జిల్లాలో భర్త ఒక జిల్లాలో ఉంటున్న ఇళ్ల కథలు కూడా అక్కడే విన్నాను. ఉద్యోగం వస్తే ఇక చింత ఉండదన్న భ్రమ నాకు అక్కడే పోయింది, ఈ పని చేయాలన్న కోరిక మాత్రం తగ్గలేదు.

వసతుల గురించి క్లుప్తంగా చెబుతాను. గది రెండో అంతస్తులో ఉంది, వెనక బెంచీలకు మైకు సరిగ్గా వినపడదు, ఎండాకాలంలో కూలర్లు చాలవు. అంతమంది ఆడవాళ్లకు ఒకటే టాయిలెట్ ఉండడం సరికాదు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదున్నర దాకా కూర్చోబెట్టేవారు ముందుగా చూడవలసింది అది. దేవరకొండ, మునుగోడు వైపు నుంచి వచ్చేవారు చివరి తరగతి మధ్యలోనే బస్సు కోసం లేచిపోవలసి వచ్చేది. బోధన పద్ధతుల తరగతిని చివర పెట్టడం వల్ల నష్టపోయింది వారే. అడిగాక ఆ తరగతిని మధ్యాహ్నానికి మార్చారు. చంటిపిల్లలతో వచ్చే తల్లులకు పక్క గది వాడుకోనిచ్చారు, అందుకు ఎవరి దగ్గరా డబ్బు అడగలేదు. బ్యాచ్‌లో సగానికి పైగా ఆడవాళ్లమే కాబట్టి ఇది ఎంత పెద్ద సాయమో చెప్పనక్కర్లేదు.

నోటిఫికేషన్ రాకపోతే ఫీజు వాపసు ఉండదు. తర్వాతి బ్యాచ్‌లో ఉచితంగా కూర్చోనిస్తామని చెప్పారు, ఇప్పటివరకు ఆ మాట నిలబెట్టుకున్నారు. అయితే కొత్త మెటీరియల్ తీసుకుంటే మళ్లీ కట్టాలి. ఈ షరతు రసీదు మీద లేదు, నోటి మాట మాత్రమే.

నా తీర్పు ఇది. ఇప్పటికే బడిలో పనిచేస్తూ, పిల్లలతో పని ఇష్టమై, ఏళ్లు పట్టినా ఎదురుచూడగలిగే స్థితి ఉన్నవారు ఈ కేంద్రంలో వారాంతపు బ్యాచ్‌లో నిశ్చింతగా చేరవచ్చు. బోధన పద్ధతుల తరగతి, కొత్త టీచర్ల సమావేశాలు ఆ ఫీజుకు తగినవే. టెట్ ఒక్కటే కావలసినవారికి ఇంత ఖర్చు అవసరం లేదు. జనరల్ అభ్యర్థులకు 150కి 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 మార్కులు చాలు కాబట్టి, అర్హత మాత్రమే లక్ష్యమైతే పాఠ్యపుస్తకాలు, జిల్లా గ్రంథాలయం, పాత ప్రశ్నపత్రాలతో ఇంటి దగ్గరే సాధించవచ్చు. వెయిటేజీ కోసం మార్కులు పెంచుకోవాలనుకునేవారి సంగతి వేరు. డిగ్రీ అయిపోయి, వేరే దారి తోచక, బీఈడీ ఉంది కదా అని చేరాలనుకునేవారు మాత్రం ముందు దగ్గరి ప్రభుత్వ బడికి వెళ్లి, ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకొని ఒక రోజంతా తరగతుల్లో కూర్చొని చూసిన తర్వాత నిర్ణయించుకోవాలని నా సూచన.

చేరేవారు కౌంటర్ దగ్గర నాలుగు సంగతులు అడిగి తెలుసుకోండి: బోధన పద్ధతులు ఎవరు చెబుతారు, ఎన్ని గంటలు చెబుతారు, కంప్యూటర్ మీద ఎన్ని టెస్టులు పెడతారు, తర్వాతి బ్యాచ్‌లో కూర్చునే హక్కు రసీదు మీద రాసిస్తారా. డెమో తరగతికి గణితం సార్ తరగతి చూపిస్తారు. మీరు బోధన పద్ధతుల తరగతి చూపించమని అడగండి. ఫీజు రెండు విడతల్లో కట్టవచ్చు, అడిగితేనే ఆ మాట చెబుతారు.